కదలనిస్తేనే బొమ్మ

మన తెలుగులో 'బొమ్మ' అన్న మాటకు హద్దుల్లేవు. చంటిపిల్ల చేతిలో ఉన్నదీ బొమ్మే, పలకమీద గీసిందీ బొమ్మే, గుడి గోపురం మీద నిలబడిందీ బొమ్మే. సినిమా హాల్లో ఆడేదాన్ని కూడా బొమ్మ అనే అంటాం. ఆటవస్తువుకొక పేరూ కళాఖండానికొక పేరూ పెట్టి విడదీయాలన్న తొందర మన భాషకు లేదు.

భూగోళం మీద మనకు ఎంతో దూరాన, మంచుదేశంలో ఉండే ఇన్యూట్ ప్రజల భాషలోనూ ఇలాంటి సదుపాయమే ఒకటి ఉంది. వాళ్ళ భాష పేరు ఇనుక్టిటుట్. అందులో మాట చివర 'ంగువాక్' అని చేరిస్తే, 'దాని పోలికలో ఉన్నది', మన పిల్లల మాటల్లో చెప్పాలంటే 'ఉత్తుత్తిది' అని అర్థం వస్తుంది. 'ఇనుక్' అంటే మనిషి, 'ఇనుంగువాక్' అంటే మనిషి బొమ్మ. 'పింగువాక్' అంటే ఆట, ఆటవస్తువు. 'సనంగువాక్' అంటే చెక్కిన శిల్పం. ఆటకూ శిల్పానికీ ఒకే తోక అన్నమాట. ఈసారి మన శీర్షికలో చెప్పుకోబోయే వస్తువు సరిగ్గా ఆ రెంటికీ మధ్య నిలబడేది. కారిబూ కొమ్ముతో చెక్కిన, కదిలే మనుషులున్న ఇన్యూట్ శిల్పం అది.

ముందుగా ఒక మాట. మన చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో వీళ్ళను 'ఎస్కిమోలు' అని చదువుకున్నాం. అది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమను తాము ఇన్యూట్ అనుకుంటారు. ఆ మాటకు 'మనుషులు' అని అర్థం. ఒక్కరైతే ఇనుక్. కెనడాలో వీరి సంఖ్య 2021 జనాభా లెక్కల ప్రకారం సుమారు 70,000. వారిలో సగానికి దగ్గరగా నునావుట్ అనే ప్రాంతంలో ఉంటారు. 1999 ఏప్రిల్ 1న ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడిన ఈ నునావుట్ వైశాల్యం మన దేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. మొత్తం జనాభా మాత్రం మన చిన్న పట్టణం ఒకదానికి సరిపడేంత.

చేతిలోకి తీసుకుంటే

ఈ శిల్పం ఎలా ఉంటుందో మొదట కళ్ళకు కట్టుకుందాం. జానెడో మూరెడో పొడవున్న కొమ్ము ముక్క ఒకటి పీఠంగా ఉంటుంది. దానిమీద సన్నని రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో బొటనవేలంత మనిషి. మనిషి పాదాల కింద చిన్న మేకులా చెక్కిన ముక్క ఆ రంధ్రంలో దిగి ఉంటుంది. జిగురు పెట్టకపోతే మనిషి ఉన్నచోటనే తిరుగుతాడు. పైకి లాగితే ఊడి చేతికొస్తాడు. మధ్యలో ఒకడు డప్పు పట్టుకుని మోకాళ్ళు వంచి ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అతన్నే చూస్తుంటారు. వాళ్ళను ఇటు తిప్పితే పాట వింటున్నట్టు, అటు తిప్పితే అలిగి ముఖం తిప్పుకున్నట్టు ఉంటుంది.

కదలికకు ఇదొక్కటే దారి కాదు. కొన్నింటిలో భుజం దగ్గర చీల దూర్చి, చెయ్యి పైకీ కిందికీ ఆడేలా చేస్తారు. కొన్నింటిలో కారిబూ నరంతో చేసిన దారం వాడతారు. మంచుబండికి కుక్కలను కట్టిన దృశ్యం చెక్కితే కుక్కలు వేరు, బండి వేరు, మధ్య పగ్గాలు నిజం దారాలు. కయాక్ పడవలో కూర్చున్న వేటగాడి చేతిలోని తెడ్డు, ఈటె వేరుగా చెక్కి పెట్టినవి. తెడ్డు తీసి ఈటె పెడితే ప్రయాణం కాస్తా వేట అవుతుంది. చెక్కినవాడు కథ అంతా తానే చెప్పెయ్యకుండా, కొంత చూసేవాడి వేళ్ళకు వదిలిపెట్టాడు.

ఆ డప్పు సంగతి కూడా చెప్పాలి. దాన్ని 'కిలౌట్' అంటారు. పెద్ద జల్లెడంత వలయానికి కారిబూ చర్మం బిగించి, ఒక పక్క పిడి పెడతారు. మన డప్పుకీ దానికీ ఒక తేడా ఉంది. మనం చర్మం మీద కొడతాం, వాళ్ళు వలయం అంచున కొడతారు. పిడి పట్టుకున్న మణికట్టును తిప్పుతూ ఉంటే డప్పు అటూ ఇటూ ఊగుతుంది, పుల్ల అంచుకు తగులుతుంది. అంటే వాద్యం కదలకపోతే ధ్వనే లేదు. వాయించేవాడే నర్తకుడు కూడా. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పాట పాడతారు. చలికాలంలో చాలా కుటుంబాలు ఒకచోట చేరినప్పుడు మంచుతో కట్టిన పెద్ద ఇంట్లో ఈ వేడుక జరిగేది. శిల్పి అలాంటి దృశ్యాన్ని కదిలేలా చెయ్యడంలో వింతేమీ లేదు.

కొమ్మంటే ఏ కొమ్ము?

ఒడిశా పాఠకులకు కొమ్ముపని కొత్తది కాదు. పర్లాకిమిడిలో పశువుల కొమ్ములను వేడిచేసి, వంచి, సానపట్టి దువ్వెనలూ పక్షుల బొమ్మలూ చేసే కళ తరాలుగా ఉంది. 19వ శతాబ్దంలో విశాఖపట్నం నుంచి ఇంగ్లండు దాకా వెళ్ళిన అందమైన పెట్టెల్లో గంధపు చెక్క, దంతం, ముళ్ళపంది ముళ్ళతోపాటు జింక కొమ్ము కూడా ఉండేది. మనం రెంటినీ 'కొమ్ము' అనే అంటాం గాని, గేదె కొమ్ముకూ జింక కొమ్ముకూ పుట్టుకలోనే తేడా ఉంది.

గేదె కొమ్ము పైపొర మన గోళ్ళు, వెంట్రుకల జాతిది. లోపల ఎముక మొన ఉంటుంది. పశువు బతికున్నన్నాళ్ళూ ఆ కొమ్ము రాలదు. వేడి తగిలితే మెత్తబడి వంగుతుంది. జింక కొమ్ము అలా కాదు. అది అచ్చంగా ఎముక. ఏటా మొలుస్తుంది, ఏటా రాలిపోతుంది. పెరిగేటప్పుడు దానిపై రక్తనాళాలున్న మెత్తని నూగుచర్మం ఉంటుంది. కొమ్ము గట్టిపడ్డాక ఆ చర్మం ఎండి ఊడిపోతుంది. కారిబూ అంటే ఉత్తర అమెరికాలో ఉండే రెయిన్‌డీర్. జింక జాతులన్నిటిలోనూ ఆడవాటికి కూడా మామూలుగా కొమ్ములుండేది ఈ ఒక్కదానికే. మగవి జతకాలం ముగిశాక శీతాకాలం మొదట్లో కొమ్ములు రాలుస్తాయి. చూలుతో ఉన్న ఆడవి ఈనే రోజుల దాకా నిలుపుకుంటాయి. అందుచేత మందలు నడిచిన దారిలో రాలిన కొమ్ములు దొరుకుతాయి. వాటికోసం ప్రాణి తీయనక్కరలేదు. వేటాడిన కారిబూ కొమ్మునూ పారేయరు. మాంసం తిండికి, తోలు బట్టలకు, వెన్నునరం దారానికి, కొమ్ము పనిముట్లకు పోతుంది.

శిల్పికి ఈ కొమ్ము పెట్టే ఇబ్బందులు రెండు. ఒకటి దాని ఆకారం. రాయి అయితే ఎంత పెద్ద దిమ్మైనా దొరుకుతుంది. కొమ్ము సన్నగా, గుండ్రంగా, వంకర తిరిగి, చివర చేతివేళ్ళలా చీలి ఉంటుంది. రెండోది లోపలి గుణం. పైపొర గట్టిగా, నునుపుగా ఉంటుంది. లోపల స్పాంజిలా బొరియలు. ఎక్కువ లోతుకు చెక్కితే ఆ బొరియలు బయటపడతాయి. కాబట్టి ఒకే ముక్కలో పెద్ద దృశ్యం చెక్కడం కుదరదు. నీళ్ళలో నానబెట్టి కొంత మెత్తబరచి, కోసి, ఆకురాయితో రాచి, చిన్న చిన్న ముక్కలుగా మనుషులను చేసి, తరవాత ఒకచోట కూర్చాలి. వంకర కొమ్మే పీఠమైనప్పుడు అది మంచుగుట్టలా కనిపిస్తుంది. చదునుగా వెడల్పైన భాగం డప్పుగానో పక్షి రెక్కగానో మారుతుంది. సన్నని కొస వంగిన వీపుకు సరిపోతుంది. శిల్పి కొమ్మును ఒప్పించుకుంటూ పోతాడు.

ఇలా ముక్కలుగా చెయ్యక తప్పని పదార్థం కాబట్టే కూర్పు వచ్చింది. కూర్పు వచ్చాక కదలికకు చోటు దొరికింది.

కీలు ఒక ప్రాణాధారం

అయితే ఆ కూర్పు నేర్పు శిల్పాల కోసం పుట్టింది కాదు. చెట్టు మొలవని నేల మీద బతికినవాళ్ళకు పొడవాటి కర్ర ఒక్కటి దొరకడం కూడా అదృష్టమే. విల్లుకు కర్ర లేకపోతే నెట్సిలిక్ ఇన్యూట్లు కొమ్ము ముక్కలను అతికించి, నరాలతో బిగించి విల్లు చేసుకున్నారు. మంచుబండికి చెక్క లేకపోతే తడి తోళ్ళలో చేపలను చుట్టి, గడ్డకట్టించి, వాటినే బండి పట్టాలుగా వాడి, అడ్డకమ్ములుగా కొమ్ములు కట్టుకున్నారు. వసంతం వచ్చి బండి కరిగితే ఆ చేపలు తినడానికి పనికొచ్చేవి. చేపలు పొడిచే త్రిశూలం లాంటి ఈటెకు అటూ ఇటూ ఉండే రెండు దవడలు కొమ్మువే. మంచు మీద ఎండ మెరుపుకి కళ్ళు పోకుండా, సన్నని చీలికలతో చేసుకున్న కళ్ళజోళ్ళలోనూ కొమ్ముతో చేసినవి ఉన్నాయి.

వీటన్నిటిలో తెలివైనది సీల్ వేటకు వాడే ఈటె మొన. కొమ్ముతోనో దంతంతోనో చేసిన ఆ మొన ఈటె కర్రకు వదులుగా కూర్చి ఉంటుంది. దానికి తాడు కట్టి ఉంటుంది. ఈటె దిగగానే కర్ర విడిపోతుంది. తాడు లాగేసరికి లోపల మొన అడ్డం తిరుగుతుంది. చొక్కా గుండీ కాజాలోంచి దూరి అడ్డం పడి నిలిచినట్టు, ఆ మొన చర్మం కింద అడ్డంగా నిలిచి ఊడిరాదు. అది తిరగకపోతే ఆ రోజు ఇంటిల్లిపాదికీ తిండి లేదు, దీపంలో కొవ్వు లేదు. మనకు కీలు అంటే తలుపుకు ఉండేది. వాళ్ళకు కీలు అంటే అన్నం.

రంధ్రం వెయ్యడానికి వాడింది విల్లుబరమా. మన వడ్రంగులు పూర్వం వాడిన బరమా వంటిదే. విల్లు తాడును ఇరుసుకు చుట్టి ముందుకూ వెనక్కూ లాగితే ఇరుసు గిరగిరా తిరుగుతుంది. వాళ్ళు ఇరుసు పైకొనను నోటితో పట్టిన ముక్కతో అదిమి పెడతారు కాబట్టి ఒక చెయ్యి పనివస్తువును పట్టుకోవడానికి మిగులుతుంది. ఈ బరమా చరిత్రలో ఒక విశేషం ఉంది. ఇన్యూట్ల పూర్వీకులకంటే ముందు ఆ ప్రాంతంలో ఉన్న డోర్సెట్ ప్రజలు గొప్ప శిల్పులే అయినా, బరమా వాడలేదు. వాళ్ళ వస్తువుల్లో రంధ్రాలు గీకి గీకి చేసినవి, పొడుగ్గా ఉంటాయి. సుమారు ఎనిమిది వందల ఏళ్ళ క్రితం పడమటి నుంచి వచ్చిన థూలే ప్రజలు బరమా తెచ్చారు. నేటి ఇన్యూట్లు వారి సంతతే. బొమ్మ చక్కగా తిరగాలంటే గుండ్రని రంధ్రం కావాలి కదా!

ఇదే కొమ్ము ఆటల్లోనూ ఉంది. రంధ్రాలున్న ముక్కను దారంతో పుల్లకు కట్టి, ఎగరేసి పుల్లకు గుచ్చే ఆటను 'అజాగక్' అంటారు. కన్నం ఉన్న ముక్కను ఇంటి కప్పు నుంచి వేలాడదీసి, చుట్టూ నిలబడి తమతమ పుల్లలతో ఆ కన్నంలో పొడవాలని పోటీపడే ఆట 'నుగ్లుక్తాక్'. చలికాలపు దీర్ఘరాత్రుల్లో ఈ ఆటలే కాలక్షేపం. వేటగాడి చేతికీ కంటికీ కావలసిన సాధన కూడా వీటిలోనే జరిగేది. పిల్లలకు ఇచ్చిన చిట్టి బళ్ళు, చిట్టి పడవలు పెద్దల పనిముట్లకు అచ్చు నకళ్ళు.

సంతకు వెళ్ళిన బొమ్మ

పాత ఇన్యూట్ బొమ్మలు చాలావాటికి పీఠం లేదు. సంచిలో పెట్టుకోవడానికి, అరచేతిలో తిప్పి చూడడానికి, ఒకరి చేతినుంచి ఒకరి చేతికి అందడానికి చేసినవి. అల్మరాలో నిలబెట్టాలనుకుంటే పడిపోతాయి. వాటి సొంతదారులకు అల్మరాలు లేవు.

1948లో జేమ్స్ హూస్టన్ అనే యువ చిత్రకారుడు హడ్సన్ అఖాతపు తూర్పు ఒడ్డుకు వెళ్ళి ఈ చిన్న శిల్పాలు చూశాడు. కొన్ని వెంట తెచ్చాడు. 1949 నవంబరులో మాంట్రియల్‌లో కెనడా హస్తకళల సంఘం వారు వాటి అమ్మకం పెడితే మూడు రోజుల్లో అన్నీ చెల్లిపోయాయి. అక్కడినుంచి వ్యాపారం మొదలైంది. 1951లో ప్రభుత్వం తరఫున ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. కొనేవాళ్ళకు ఏవేవి నచ్చుతాయో బొమ్మలతో చూపించిన పుస్తకం అది. కొనేవాడి అల్మరా ఇప్పుడు చెక్కేవాడి చేతికి కొలత అయింది. శిల్పం నిలబడాలి, దూరప్రయాణంలో విరగకూడదు, ముక్కలు ఊడకూడదు. జిగురు అవసరం అక్కడే పుట్టింది.

దీన్ని చూసి వ్యాపారాన్ని తిట్టేస్తే అన్యాయం అవుతుంది. ఎందుకో చెప్పడానికి బేకర్ లేక్ చరిత్ర చాలు. నునావుట్ ఊళ్ళలో సముద్రతీరం లేనిది ఇదొక్కటే. ధ్రువవృత్తానికి కొంచెం దక్షిణంగా ఉంది. జనాభా సుమారు 2,000. ఈ ప్రాంతం వాళ్ళకు వాల్రస్ దంతం అందదు. తిండీ బట్టా కారిబూ మీదే. 1957-58 చలికాలంలో కారిబూ మందలు వాళ్ళున్న దారిన రాలేదు. కొన్ని మజిలీల్లో ఆకలికి మనుషులు చనిపోయారు. బతికినవాళ్ళను బేకర్ లేక్ వంటి ఊళ్ళకు చేర్చారు. తరతరాలుగా మందల వెంట తిరిగినవాళ్ళు ఒక్కసారిగా అద్దె ఇళ్ళలో, దుకాణం సరుకుల మీద బతకాల్సి వచ్చింది. అప్పుడు వాళ్ళకు తెలిసిన పనిలో డబ్బు తెచ్చిపెట్టింది చెక్కడమే. 1960లలో అక్కడ చేతిపనుల కార్యక్రమాలు మొదలయ్యాయి. 1971లో సానవిక్ సహకార సంఘం ఏర్పడింది.

ఆ ఊరివాడే ల్యూక్ ఇక్సిక్తార్యుక్. 1909లో పుట్టి 1977లో పోయాడు. ఊరు అనేది తెలియని సంచారజీవితంలో పెరిగి, వయసు మళ్ళాక శిల్పిగా పేరు తెచ్చుకున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు నల్లరాయిలో బరువైన మనుషులను చెక్కుతుంటే ఇతను కారిబూ కొమ్మునే ఎక్కువగా నమ్ముకున్నాడు. డప్పు నృత్యం అతను మళ్ళీ మళ్ళీ చెక్కిన దృశ్యం. కొమ్ము పీఠం మీద పొట్టి పొట్టి మనుషులు, ముఖాల్లో ముక్కూ కళ్ళూ గుర్తుపట్టేంత మాత్రమే. నగిషీ లేదు. వాళ్ళు నిలబడిన తీరులోనే అంతా ఉంది.

ఆ దృశ్యాన్ని అతను అన్నిసార్లు ఎంచుకోవడం వెనక ఏముందో ఊహించడం కష్టం కాదు. మిషనరీలు వచ్చాక చాలాచోట్ల డప్పు నృత్యం పాత నమ్మకాలకు చెందినదని చిన్నచూపు చూశారు, మానిపించారు. ఊళ్ళలోకి మారాక మంచు ఇళ్ళూ పోయాయి, అంతమందీ చేరి పాడుకునే రాత్రులూ తగ్గాయి. డప్పు మూలపడుతున్న రోజుల్లో, అది ఎలా పట్టుకోవాలో, చుట్టూ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఆ సంగతంతా బొటనవేలంత మనుషుల్లో దాగింది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1941 నుంచి కెనడా ప్రభుత్వం ప్రతి ఇన్యూట్‌కూ ఒక సంఖ్య చెక్కిన బిళ్ళ ఇచ్చింది. మెడలో వేసుకునో, కోటుకు కుట్టుకునో ఉండాలి. ఇంటిపేర్లు లేని వాళ్ళ పేర్లు అధికారులకు పలకడానికి కష్టమైనందువల్ల చేసిన ఏర్పాటు అది. బేకర్ లేక్ వాళ్ళ సంఖ్యలు 'ఇ2' తో మొదలయ్యేవి. శిల్పాల అడుగున చాలామంది ఆ సంఖ్యనే సంతకంగా చెక్కారు. 1968 నుంచి 1971 దాకా ఏబ్ ఓక్పిక్ అనే ఇన్యూట్ పెద్ద ఊరూరా తిరిగి, అందరి చేతా ఇంటిపేర్లు ఎంపిక చేయించాడు. ఆ తరవాత బిళ్ళలు పోయాయి. ఇనుక్టిటుట్ లిపిలో పేరు రాసుకున్న శిల్పాలూ చాలా ఉన్నాయి. ఆ లిపి తమాషా చూడండి. ఒకే గుర్తును పైకి తిప్పితే 'పి', కుడికి తిప్పితే 'పు', ఎడమకు తిప్పితే 'ప'. మనకు గుణింతానికి గుర్తులు చేర్చాలి, వాళ్ళకు అక్షరాన్ని తిప్పితే చాలు!

అద్దం లోపల

ఇప్పుడు ఈ శిల్పాలు ప్రపంచమంతా చేరాయి. 1971 నుంచి 1973 దాకా జరిగిన పెద్ద ప్రదర్శన పారిస్, లండన్, మాస్కో వంటి నగరాలు తిరిగి ఇన్యూట్ శిల్పానికి గొప్ప గౌరవం తెచ్చింది. కెనడాలోని విన్నిపెగ్‌లో 2021లో 'కౌమజుక్' అనే కేంద్రం తెరిచారు. ఆ పేరుకు 'వెలుగుగా ఉంది' అని అర్థం. దాని మధ్యలో మూడంతస్తుల ఎత్తున గాజు గది, అందులో సుమారు 5,000 శిల్పాలు. గోదాములో చీకట్లో పడి ఉండేవాటిని అందరూ చూసేలా బయటపెట్టడం ఎంతైనా మెచ్చుకోవలసిన పని.

అయినా, గాజు గాజే. కదిలే బొమ్మ విషయంలో గాజు ఒక మెలిక పెడుతుంది. రాతి ఎలుగుబంటిని గాజులో పెట్టినా ఎలుగుబంటి తగ్గదు. తిప్పడానికి చేసిన మనిషిని గాజులో పెడితే అతని పని ఆగిపోతుంది. ఎవరో చివరిసారి ఎటు తిప్పి ఉంచారో అటే చూస్తూ ఉండిపోతాడు. చూసేవాళ్ళు అదే శిల్పి ఉద్దేశం అనుకుంటారు.

మ్యూజియంల బాధ్యులకూ వాళ్ళ బాధ వాళ్ళకుంది. రోజుకు వందల చేతులు తాకితే మేకులు అరిగిపోతాయి. కొమ్ము గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. వేడిచేసిన గదుల్లో ఎండి పగులుతుంది. అన్నిటికంటే ముందు పోయేవి చిన్నవి, డప్పు పుల్ల, ఈటె, తెడ్డు. కాబట్టి బిగించేద్దాం అనిపించడం సహజం. ఇళ్ళలో కొనుక్కున్నవాళ్ళైతే రెండు చుక్కల జిగురుతో పని కానిచ్చేస్తారు.

నా మటుకు నాకు ఆ రెండు చుక్కలు వేయకూడదనిపిస్తుంది. విరిగిన చెయ్యిని అతకడం మరమ్మతు. తిరిగే కీలును అతకడం మాత్రం శిల్పాన్ని మార్చడం. అందరి చేతికీ ఇవ్వలేకపోతే అచ్చు అలాంటి నకలు ఒకటి చేయించి పిల్లల ముందు పెట్టవచ్చు. ఆ ఊరి పెద్దలు వచ్చినప్పుడు అసలు బొమ్మను వాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళు ఎలా తిప్పుతారో, తిప్పుతూ ఏం చెబుతారో చిత్రీకరించి పక్కన చూపవచ్చు. బొమ్మతోపాటు దాని కదలికను కూడా భద్రపరిచినట్టవుతుంది.

పదార్థానికీ కష్టకాలం వచ్చింది. బాథర్స్ట్ మంద అనే కారిబూల గుంపు 1986లో సుమారు 4,70,000 ఉండేది. 2021 లెక్కలో 6,000 పైచిలుకే తేలింది. అన్ని మందలూ ఇంతగా తగ్గలేదు గాని, వేటమీద ఆంక్షలు వచ్చాయి. కొమ్ము దొరకని రోజు వస్తే ఈ బొమ్మలకు పాత చేతులే మిగులుతాయి. ఉన్నవాటిని పని చేయగలిగిన స్థితిలో ఉంచుకోవడం అందుకే ముఖ్యం.

కొనదలచినవారికి

మన సభ్యుల కుటుంబాల్లో కెనడాలో స్థిరపడిన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు. ఇన్యూట్ శిల్పం పేరుతో అచ్చుల్లో పోసిన నకళ్ళు దుకాణాల్లో దొరుకుతాయి. అందుకే 1958లో ప్రభుత్వం మంచు ఇంటి గుర్తున్న చీటీ ప్రవేశపెట్టింది. ఆ గుర్తును 2017 నుంచి ఇన్యూట్ కళా సంస్థ చూసుకుంటోంది. చీటీ మీద శిల్పి పేరు, ఊరు ఉన్నాయా చూడాలి. కొమ్మును గుర్తించడం తేలిక. కోసిన చోటనో అడుగుననో స్పాంజి లాంటి బొరియలు కనిపిస్తాయి. దంతంలో అవి ఉండవు. అచ్చులో పోసినదైతే అదే దుకాణంలో అదే బొమ్మ పది ఉంటాయి.

తిమింగలం ఎముక, వాల్రస్ దంతం వంటివాటిని అమెరికాలోకి తీసుకెళ్ళడాన్ని 1972 నాటి చట్టం కట్టుదిట్టం చేసింది. కారిబూ సముద్రజీవి కాదు కాబట్టి ఆ చట్టం కిందకు రాదు. మన దేశంలో మాత్రం జింక కొమ్ముల వ్యాపారం చట్టరీత్యా నిషిద్ధం. బయటినుంచి తెచ్చే జంతు సంబంధమైన వస్తువులకు వేరే నిబంధనలున్నాయి. ముచ్చటపడి పెట్టెలో వేసుకునేముందు కస్టమ్స్ వారి నియమాలు కనుక్కోవడం మంచిది.

ఇక ఇంటికి వచ్చాక దాన్ని ఎండ తగిలే కిటికీలోనో హీటరు పక్కనో పెట్టవద్దు. ఊడివచ్చే ముక్కలను ఒక చిన్న డబ్బాలో వేసి పక్కనే ఉంచండి. పండక్కో పబ్బానికో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, చేతులు తుడుచుకోమని, ఆ మనుషులను వాళ్ళ చేతే నిలబెట్టించండి. ఎవరిని ఎటు తిప్పారో, ఎందుకు తిప్పారో అడగండి. తలా ఒక కథ చెబుతారు.

నేడు నునావుట్ బళ్ళలో పిల్లలు డప్పు నృత్యం మళ్ళీ నేర్చుకుంటున్నారు. మణికట్టు ఎలా తిప్పాలో బతికున్న పెద్దలే చూపిస్తున్నారు. పుల్ల పోయిన కొమ్ము డప్పుగాడు మీ ఇంట్లో ఉంటే కంగారు పడవద్దు. వేపపుల్ల చెక్కి పెట్టినా అతనికి అభ్యంతరం ఉండదు. పీఠం మీద మనిషి ఊడిపోయిన రంధ్రం ఒకటి ఖాళీగా మిగిలితే మాత్రం మైనంతో పూడ్చకండి. అక్కడ ఒకరు నిలబడి పాట వినేవారని ఆ రంధ్రం చెబుతూ ఉంటుంది.